సాంచా ముందు మనిషి లేకపోతే

అన్నీ ఆన్ పెట్టున్రి

నా ఉద్యోగంలో నేను అన్నింటికంటే ఎక్కువసార్లు విన్న మాట "అన్నీ ఆన్ పెట్టున్రి మేడమ్." దుకాణదారు అన్నాడు, మిల్లు యజమాని అన్నాడు, ప్రైవేటు బడి నడిపేవాడు అన్నాడు. అందరికంటే ఎక్కువగా మా మేనేజరు సుధాకర్ అన్నాడు. "పైసలు పెట్టి కొన్నంక అన్నీ ఆన్ ఉండాలె గదా" అనేది వాళ్ల వాదన. కరెంటు బిల్లు కడుతున్నాం కదా అని ఎవరూ పట్టపగలు ఇంట్లో లైట్లన్నీ వేసుకుని కూర్చోరు. ఈ మాట చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది గాని ఒక్కరికీ ఎక్కలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం రాస్తున్నాను కాబట్టి పనేమిటో ముందు చెప్పాలి. జగిత్యాలలో మా ఆఫీసు అంటే ఒక పెద్ద గది, గోడ నిండా స్క్రీన్లు. కోరుట్ల నుంచి, సిరిసిల్ల నుంచి, వెల్గటూర్ వైపు నుంచి ఖాతాదారుల కెమెరాలన్నీ అక్కడికి కలుస్తాయి. మొదట్లో మనుషులు కూర్చుని వాటిని చూసేవారు. తరువాత ఏఐ వచ్చింది. బొమ్మలో మనిషిని, బండిని, పొగను అది గుర్తుపడుతుంది. అయితే ఏది జరిగితే ఎవరికి కబురు పంపాలో దానికి తెలియదు. మనం చెప్పాలి. కెమెరా చూపించే బొమ్మ మీద ఒక గీతో పెట్టో గీసి, "ఇక్కడ ఫలానాది ఇంతసేపు జరిగితే ఫలానా వారి ఫోను మోగించు" అని రాస్తాం. దాన్నే అలర్ట్ రూల్ అంటారు. ఆ రూళ్లు రాయడమే నా పని.

నేను చదివింది బీకాం. అంతకు ముందు సారంగాపూర్ దారిలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూశాను. ఈ ఆఫీసులో చేరిందీ లెక్కలకే. వచ్చిన అలర్టుల్లో నిజమైనవి ఎన్ని, ఉత్తవి ఎన్ని అని వారం వారం కూడి, ఆ కాగితం సుధాకర్ బల్ల మీద పెట్టేదాన్ని. ఎవరూ అడగలేదు, అయినా పెట్టేదాన్ని. ఉత్తవే ఎక్కువ, చెప్పుకోలేనంత ఎక్కువ. ఆ కాగితం చూసి చూసి విసిగి ఒకనాడు "గంత తప్పులు దొరుకుతుంటె మీరే సరిచేయున్రి" అన్నాడు. సరిచేస్తూ పదకొండేళ్లు ఉండిపోయాను.

ఉత్త అలర్టు వస్తే నష్టమేమిటని కొత్తవారు అడుగుతారు. వెల్గటూర్ దగ్గర ఒక ఎరువుల దుకాణం ఉంది. అక్కడ కుక్క నడిస్తే అలర్టు, కాగితం ఎగిరితే అలర్టు, గాలికి ఫ్లెక్సీ నీడ ఊగితే అలర్టు. యజమాని నాలుగో రోజుకు ఫోను సైలెంట్‌లో పెట్టాడు. ఆ తరువాత నిజంగానే ఒకడు మిట్టమధ్యాహ్నం లోపలికి వచ్చి కొత్త మోటారు ఎత్తుకుపోయాడు. అలర్టు వెళ్లింది, క్షణం ఆలస్యం లేకుండా వెళ్లింది. చూసేవాడు లేడు. ఆయన వచ్చి మా మీద అరిచి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఏమన్నాడో చెప్పనక్కర లేదు. ఇంకా ఏమైనా ఉంటే అవీ ఆన్ పెట్టమన్నాడు.

కోరుట్లలో ముఖం కప్పుకున్నవారు

గౌస్ భాయ్‌ది కోరుట్ల బజారులో బట్టల దుకాణం. కెమెరాలు బిగించడానికి వెళ్లిన మావాళ్లు, సామానుతో పాటు కంపెనీ వాడు రాసి పంపిన రూళ్లన్నీ ఆన్ చేసి వచ్చారు. వాటిలో ఒకటి "ముఖం కప్పుకున్న వ్యక్తి లోపలికి వస్తే" అనేది. ఎక్కడి ఏ బ్యాంకును తలుచుకుని రాశారో ఏమో. మర్నాడు పొద్దున దుకాణం తెరిచీ తెరవగానే గౌస్ భాయ్ ఫోను.

"మేడమ్, మా అమ్మీ దుకాన్ల అడుగు వెట్టింది. నా ఫోను దొంగ దొంగ అని ఒకటే లొల్లి. గిదేం మిషినమ్మా? కన్నతల్లిని పట్టిచ్చింది!"

వెనక నుంచి ముసలామె గొంతు వినబడుతూనే ఉంది. నేనేం దొంగిలించానో అడుగు, ముందది అడుగు అని ఉర్దూలో కొడుకును నిలదీస్తోంది.

ఆ దుకాణానికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది బుర్ఖాలో వస్తారు. మిగతా సగం ఎండకు చున్నీ ముఖానికి చుట్టుకుని బండి మీద వస్తారు. మగవాళ్లు ముఖానికి దస్తీ రుమాలు కట్టుకుంటారు. ఆ రూల్ లెక్కన ఎండకాలంలో కోరుట్ల ఊరు ఊరంతా దొంగలే. తీసేశాను. సుధాకర్ ఊరుకోలేదు.

"అది ప్రీమియం ఫీచర్ మేడమ్. తీసేస్తె కస్టమర్ ఏమనుకుంటడు?"

"కస్టమర్ తల్లి ఏమనుకుంటున్నదో ముందుగాల అరుసుకో" అన్నాను.

రూల్ రాసేవారు ఆ తలుపులోంచి రోజూ ఎవరు వచ్చిపోతారో తెలుసుకోవాలి. స్క్రీన్ మీద చూస్తే తెలియదు. బస్సెక్కి వెళ్లి, ఒక మూల స్టూలు మీద కూర్చుని చూడాలి. నేను బస్సెక్కుతానన్నప్పుడల్లా సుధాకర్ ముఖం చిట్లించేవాడు. "గోడ నిండ స్క్రీన్లు వెట్టుకోని మల్ల బస్సు ఎందుకు మేడమ్?" అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కొత్త ఖాతాలు ఎన్ని తెచ్చాడన్న దాని మీదే అతని ఉద్యోగం నిలబడి ఉండేది. ఏ అలర్టు ఎవరి బతుకు మీద పడుతుందో చూడడం అతని పని కాదని పైవాళ్లు చెప్పారు, అతను నమ్మాడు.

లక్ష్మీపతి సేటు కార్ఖానా

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. లక్ష్మీపతి సేటు కార్ఖానాలో రెండు వరుసలు ఉన్నాయి. ఒక్కో వరుసలో ఎనిమిది సాంచాలు, ఒక్కో వరుసకు ఒక్క మనిషి. బట్ట అనుకున్నంత దిగడం లేదని, మనుషులు పని వదిలి తిరుగుతున్నారని సేటు అనుమానం. అన్నీ ఆన్ పెట్టమని, ముఖ్యంగా సాంచా ముందు మనిషి మూడు నిమిషాలు కనబడకపోతే తన ఫోను మోగాలని అన్నాడు.

కార్ఖానా చూడకుండా ఆ రూల్ రాయనన్నాను. సుధాకర్ నా ఎదురుగానే కుర్చీ జరుపుకుని కూర్చుని, తానే రాసేశాడు. ఒక్కో వరుసకు ఒక్కో కెమెరా. కెమెరాకు బాగా కనబడేవి ముందున్న రెండు సాంచాలే, మిగిలినవి స్తంభాల వెనక ఉన్నాయి. ఆ రెండింటి ముందు నేల మీద పడేలా స్క్రీన్ మీద ఒక పెట్టె గీశాడు. ఆ పెట్టెలో మనిషి ఉంటే పని జరుగుతున్నట్టు, లేకపోతే జరగనట్టు.

మొదటి వారం లెక్క తీశాను. రెండో వరుస నుంచి వచ్చిన అలర్టులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మొదటి వరుస నుంచి వచ్చినవి రెండు కాగితాల నిండా ఉన్నాయి. ఆ వరుస మనిషి రాజమల్లు. యాభై దాటినవాడు, సేటు తండ్రి కాలం నుంచీ ఆ కార్ఖానాలోనే నేస్తున్నవాడు. సేటు మా ఆఫీసుకు ఫోను చేసి సుధాకర్‌తో అన్న మాటలు స్పీకర్లో నేనూ విన్నాను.

"మా నాయిన కాలం మనిషని ఇన్ని రోజులు మొకమాటపడ్డ. గిప్పుడు కెమెరానే చెప్పవట్టె. నెలాఖరు దాక సూస్త. గిట్లనే ఉంటె వేరేటోన్ని వెట్టుకుంట."

ఒక నేతగాడి పని నెలాఖరుకు ఊడిపోబోతోంది, అదీ మా గదిలో గీసిన ఒక పెట్టె వల్ల. ఆ వయసువాడికి ఎనిమిది సాంచాలు కొత్తగా ఎవరూ ఇవ్వరు. నేను సిరిసిల్ల వెళ్తానన్నాను. ఈ వారం కాదన్నాడు సుధాకర్. ఆ పై వారమూ కాదన్నాడు.

అంతలో మొదటి వరుస అలర్టులు ఒక్కసారిగా ఆగిపోయాయి. తగ్గడం కాదు, పూర్తిగా సున్నా.

"చూసిన్రా మేడమ్!" అని సుధాకర్ గదంతా వినబడేలా అన్నాడు. "రూలంటె గిట్లుండాలె. దెబ్బకు మనిషి లైన్ల వడ్డడు. దీన్ని పాంప్లెట్ల ఏస్త."

లెక్కల్లో నేను సున్నాను నమ్మను. రాసేవాడు పనిలోకి రాకపోతే సున్నా వస్తుంది, వచ్చి కూడా తప్పు రాస్తే సున్నా వస్తుంది. మర్నాడు సెలవు చీటీ పెట్టి, వేములవాడలో బస్సు మారి, సిరిసిల్లలో దిగాను.

పెట్టెలో నిలబడ్డ మనిషి

సాంచాల కార్ఖానాలోకి మొదటిసారి వెళ్లినవారికి చెవులు పనిచేయవు. చట్రాలు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంటే కాళ్ల కింద నేల అదురుతుంది. నాలుగు అడుగుల దూరంలో ఉన్న మనిషితో కూడా చేతులతో మాట్లాడాలి, లేదా చెవిలో అరవాలి.

రాజమల్లును వెతకనక్కర లేకపోయింది. స్క్రీన్ మీద రోజూ చూసే పెట్టె కాబట్టి దాని నాలుగు మూలలూ నేల మీద ఎక్కడ పడతాయో నాకు తెలుసు. అతను సరిగ్గా దాని మధ్యలో ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లవాడిలా నిలబడ్డాడు. ఎదుట ఉన్న సాంచా మంచిగా నడుస్తోంది. దానికి మనిషితో పనే లేదు. స్తంభం వెనక రెండు సాంచాలు ఆగిపోయి ఉన్నాయి. ఒకదానిలో పోగు తెగింది. ఇంకోదానిలో నూలు చుట్టిన కండె అయిపోయింది. చూస్తుండగానే అతను ఉరికి, తెగిన పోగు ముడివేసి, సాంచా నడిపించి, మళ్లీ ఉరికి వచ్చి పెట్టెలో నిలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు. రెండో సాంచా అలాగే ఆగి ఉంది.

రెండో వరుసలో పడుచువాడు ఒకడు బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. డబ్బా పెట్టె లోపలే ఉంది. కెమెరా దృష్టిలో అంత మంచి పనివాడు ఆ ఊళ్లో లేడు.

బయటికి రమ్మని రాజమల్లుకు సైగ చేశాను. అతను కెమెరా వైపు చూపించి తల అడ్డంగా ఊపాడు. ఇక నేనే పెట్టెలోకి వెళ్లి, జగిత్యాల నుంచి కెమెరాల ఆఫీసు తరఫున వచ్చానని చెవిలో అరిచాను.

"నువ్వేనా అక్కా గీ కెమెర డబ్బ వెట్టిచ్చింది?" అని అతనూ అరిచాడు. "మంచిగ వెట్టిచ్చినవ్. ముప్పయేండ్ల సంది నడుసుడే నేర్సుకున్న. గిప్పుడు నిలవడుడు నేర్సుకుంటున్న."

"ఎన్క సాంచ ఆగింది, సూస్తలేవా తమ్మీ?"

"నేను సూస్తున్న. నువ్వు సూస్తున్నవ్. గది సూస్తలేదు గదా!"

"మరి పోయి నడిపియ్యరాదు?"

"గీడ్నే నిలవడాలని సేటు సూపిచ్చిండు. పోతె ఈడ మనిషి లేడని సేటుకు గంట కొడ్తది. నెల దాటనియ్యనన్నడు. పడుసుతనంల సాంచల పనికి భీవండి పోయి అచ్చిన అక్కా. గీ ఒంటితోని మల్ల భీవండి పొమ్మంటవా?"

గోడ పక్కకు జరిగి చూస్తూ నిలబడ్డాను. కార్ఖానా నడిచే పద్ధతి గంటసేపు చూశాక స్పష్టమైంది. సాంచా బాగా నడుస్తుంటే దాని ముందు మనిషి ఉండడు. మనిషి దాని ముందు ఉన్నాడంటే అది ఆగిందనో, ఆగబోతోందనో అర్థం. ఎనిమిదింటినీ నడిపించే మనిషి ఎక్కడా నిలవడు. కాబట్టి ఆ రూల్ మంచి పనివాడిని పట్టిస్తుంది, కూర్చున్నవాడిని కాపాడుతుంది. సుధాకర్ దాన్ని పాంప్లెట్లో వేస్తానంటున్నాడు.

సేటు గోదాములో

సేటు పక్క వీధిలో తన గోదాములో ఉన్నాడు. మర్యాదగానే కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

"అలర్టులు బందయినయి గదమ్మా. మనిషి దారికచ్చిండు. ఇగేంది?"

"బందయినంక మొదటి వరుస బట్ట పెరిగిందా, తగ్గిందా?" అన్నాను.

చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పాడు. "తగ్గింది. ఈ తాప నూలు మంచిగ రాలె."

"రెండో వరుసకు గూడ గదే నూలు గదా. అక్కడెందుకు తగ్గలె?"

"వాడా? వాడెప్పుడు గంతే నేస్తడు."

తగ్గింది రాజమల్లు నిలబడ్డ వరుసలోనే అని ఆయన మాటే చెప్పింది. అయినా ఒప్పుకోలేదు. సేట్లు అంత సులువుగా ఒప్పుకోరు. మనిషిని చూడకుండా సాంచాను చూసేలా రూల్ మారుస్తానన్నాను. కెమెరా ఎత్తి బిగిస్తే ఎనిమిదీ కనబడతాయి. ఒక్కోదాని కదిలే చట్రం మీద ఒక్కో పెట్టె గీస్తే, ఎక్కడ కదలిక ఆగితే అక్కడి నుంచే అలర్టు వస్తుంది.

"మనిషిని సూడకుంటె ఇగ కెమెరా ఎందుకమ్మా?"

"మీరు అమ్ముకునేది బట్టనా, మనిషినా?"

ఆయన నవ్వలేదు. "సరే. నెలాఖరు దాక నీ రూలే పెట్టు. నీ రూల్ల గూడ వాని వరుసనే కరాబుందని అచ్చిందనుకో, ఇగ నువ్వు నాకు ఫోను చెయ్యద్దు."

ఆ షరతుకు ఒప్పుకుని వచ్చాను. రూల్ మార్చడానికి సుధాకర్‌తో రెండు రోజుల యుద్ధం జరిగింది. అది రాయను, వినేవారికే విసుగు.

ఖాళీ గంప

కొత్త రూల్ పెట్టిన మూడో రోజు మధ్యాహ్నం సేటు ఫోను. గొంతులో గెలిచినవాడి ఉషారు.

"అమ్మా, పొద్దటి సంది మొదటి వరుసల నాలుగు సాంచలు ఆగినయి. వరుసగ అలర్టులు. నీ కెమెరానే చెప్తున్నది. ఇగ నేను వేరేటోన్ని సూసుకుంట."

కొద్దిసేపు ఆగమని చెప్పి, ఆ అలర్టుల వీడియోలు ఒక్కొక్కటే తెరిచాను. ఈ పనిలో ఉన్నవారికి నేను చెప్పగలిగిన పెద్ద మాట ఇదొక్కటే. అలర్టు సంఖ్య చూసి తీర్పు చెప్పకండి. ప్రతి అలర్టు వెనకా ఒక వీడియో ఉంటుంది. తెరిచి చూడండి. విసుగు పుట్టినా చూడండి, జీతం ఇచ్చేది అందుకే.

మొదటి వీడియోలో సాంచా ఆగుతుంది. రాజమల్లు వస్తాడు. కండెలు ఉండే గంపలో చెయ్యి పెడతాడు. చెయ్యి ఖాళీగా బయటికి వస్తుంది. రెండో వీడియోలో మళ్లీ అదే. మూడో వీడియోలో అతను గంప రెండు చేతులా ఎత్తి, కెమెరాకు ఎదురుగా పట్టుకుని, దాన్ని తలకిందులు చేసి దులిపాడు. అందులోంచి ఒక్క పోగు కూడా రాలలేదు. గంప కింద పెట్టి, కెమెరా వైపు చూస్తూ రెండు అరచేతులూ తిప్పి చూపించాడు.

రెండో వరుస కూడా చూశాను. ఆ పడుచువాడు తన గంప నిండా కండెలు ముందే దాచుకున్నాడు. మెల్లగా నేసేవాడికి అవి సాయంత్రం దాకా సరిపోతాయి.

సేటుకు ఫోను చేశాను. "సేటూ, కండెలు చుట్టేది ఎవరు?"

"మా గోదాములనే. ఇద్దరాడోళ్లుండిరి. మొన్ననే ఒకామెను తీసేసిన. ఒక్కామె సాలుతదని."

"మూడో వీడియో పంపుతున్న, సూడున్రి."

చూశాడు. తరువాత, ఎదురుగా ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి అన్నాడు. "గా కండెల అలర్టు జర బంద్ పెట్టమ్మా."

"బంద్ పెట్టను" అన్నాను. "అన్నీ ఆన్ పెట్టుమన్నది మీరే."

మర్నాడు రెండో ఆమె కండెలు చుట్టడానికి మళ్లీ వచ్చింది. ఆ విషయం సేటు నాకు చెప్పలేదు, తగ్గిన అలర్టులు చెప్పాయి. నెలాఖరు వచ్చింది, పోయింది. రాజమల్లును ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ అతనికి ఉండమనీ చెప్పలేదు.

పాత రూల్ తీసేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ సంగతి సేటు చేత రాజమల్లుకు చెప్పించాను కూడా. అయినా ఎన్నో వారాల పాటు అతను నడుస్తూ నడుస్తూ ఆ పాత పెట్టె దగ్గరికి రాగానే ఆగేవాడు. చేతులు వెనక్కి కట్టుకునేవాడు. గుర్తుకు వచ్చి మళ్లీ కదిలేవాడు. స్క్రీన్ మీద ఆ పెట్టె లేదు. అతనికి మాత్రం అది నేల మీద కనబడుతూనే ఉంది. రూల్ రాసే చేతులు ఈ సంగతి తలుచుకుని రాయాలి.

నేను ఉద్యోగం వదిలిన రోజు ఆఫీసులో శాలువా కప్పారు. ఒక ప్లేటులో సమోసా పెట్టారు, ఒక ఫోటో తీశారు. అది అయ్యాక నా కుర్చీలో కూర్చుని సిరిసిల్ల మొదటి వరుస కెమెరా తెరిచాను. ఎనిమిది చట్రాలూ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటున్నాయి. పాత పెట్టె ఉన్న చోట ఖాళీ నేల. నిమిషం గడిచింది, ఇంకో నిమిషం గడిచింది, ఎవరూ వచ్చి అక్కడ నిలబడలేదు.

సుధాకర్ సమోసా తింటూ వచ్చి నా భుజం మీదుగా స్క్రీన్‌లోకి చూశాడు.

"మనిషేడి మేడమ్?"

"పనిల ఉన్నడు" అన్నాను.